చెరువు పుణ్యం ఎవరిది?

అంకోర్ వాట్ వీడియోలో గోపురాలు చూశాం, క్షీరసాగర మథనం శిల్పం చూశాం. ఈ పోస్టులో గుడి లోపలికి వెళ్ళం. గుడి చుట్టూ ఉన్న నేల, నీళ్ళు, వాటి వెనక ఉన్న ఒక ధర్మసందేహం గురించి మాట్లాడుకుందాం.

కంబోడియాలో అంకోర్‌కి ఈశాన్యంగా కులేన్ కొండలున్నాయి. పాత శాసనాల్లో వాటి పేరు మహేంద్ర పర్వతం. అవును, మన శ్రీకాకుళం సరిహద్దు దాటగానే ఒడిశాలో కనిపించే మహేంద్రగిరి పేరే. 802లో రెండో జయవర్మ అక్కడ చక్రవర్తిగా దీక్ష తీసుకున్నాడని ఖ్మేర్ సంప్రదాయం. ఆ కొండల్లోనే క్బాల్ స్పియన్ అనే చోట, 11వ శతాబ్దంలో, ఏటి అడుగున ఉన్న రాతినే చెక్కి వందల శివలింగాలు చేశారు. పక్కనే శేషుడి మీద పడుకున్న విష్ణువు. అభిషేకానికి పూజారి అక్కర్లేదు, బిందె అక్కర్లేదు. వాన పడితే చాలు, ఏరే అభిషేకం చేస్తుంది. ఆ నీళ్ళే కిందికి దిగి మైదానంలో పొలాలకు చేరతాయి. అంటే రైతు మడిలో పారేది తీర్థమే అన్నమాట.

ఇక మైదానంలో వాళ్ళు చేసిన పని చూస్తే కళ్ళు తిరుగుతాయి. మొదటి ఇంద్రవర్మ 877లో రాజయ్యాడు. ఐదు రోజుల్లో తవ్వకం మొదలుపెడతానని ప్రతిజ్ఞ చేశాడని శాసనం చెబుతోంది. అలా వచ్చింది ఇంద్రతటాకం. ఆయన కొడుకు యశోవర్మ కట్టించిన యశోధరతటాకం ఏడున్నర కిలోమీటర్ల పొడవు, దాదాపు రెండు కిలోమీటర్ల వెడల్పు. 11వ శతాబ్దంలో వచ్చిన పశ్చిమ బరాయ్ ఇంకా పెద్దది, దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. బరాయ్ అంటే పెద్ద చెరువు. తటాకం అన్న మాట మాత్రం మనకీ వాళ్ళకీ ఒకటే.

ఇవి గొయ్యి తవ్వి నింపినవి కావు. చుట్టూ మట్టి కట్టలు పోసి నీళ్ళను నేల మట్టం కంటే ఎత్తులో నిలబెట్టారు. నేల ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా ఉంటుంది కాబట్టి, తూము తీస్తే నీళ్ళు వాటంతటవే పొలాలకి దిగుతాయి. పశ్చిమ బరాయ్ మధ్యలో ఒక దీవి, దాని మీద గుడి. అక్కడ 1936లో శేషశాయి కంచు విగ్రహం భాగం దొరికింది. పాలకడలిలో స్వామి ఎలా ఉంటాడని చెబుతారో, అలా నిజంగానే నీళ్ళ మధ్య పడుకోబెట్టారు. ఇవి సాగు కోసమా, పూజ కోసమా అని పండితులు చాలాకాలం వాదించుకున్నారు. నాకైతే ఆ ప్రశ్నే వింతగా ఉంటుంది. చెరువులో గంగమ్మకి పసుపు కుంకుమ వేసి అదే నీళ్ళతో నాట్లు వేసేవాళ్ళకి రెండూ వేరని ఎప్పుడైనా అనిపించిందా?

2012లో, 2015లో హెలికాప్టర్ నుంచి లేజర్ కిరణాలు పంపి అడవి కింద నేలను కొలిచారు. వీధులు, కాలవలు, దిబ్బలు, వేల చిన్న చిన్న కుంటలు కనిపించాయి. ఊరికో చిన్న గుడి, గుడి పక్కన నీళ్ళు. అంతా కలిపితే సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్లు.

ఇంత మట్టి ఎవరు మోశారు?

ఖ్మేర్ శాసనాలు తరచుగా రెండు భాషల్లో ఉంటాయి. సంస్కృతంలో దేవతాస్తుతి, రాజు గుణగణాలు. ఖ్మేర్ భాషలో పొలం హద్దులు, ధాన్యం లెక్కలు, గుడికి ఇచ్చేసిన మనుషుల పేర్లు. వాళ్ళని 'ఖ్ఞుం' అన్నారు. కొందరు పండితులు బానిసలు అంటారు, కొందరు గుడి సేవకులు అంటారు. ఆ జాబితాల్లో కుక్క, కంపు లాంటి అర్థాలున్న పేర్లు కూడా ఉన్నాయి. మన పల్లెల్లో దిష్టి తగలకూడదని పెంటయ్య అని పెడతారు కదా, కొన్ని ఆ కోవలోవి అయ్యుండొచ్చు. అన్నీ అంతే అని సర్దిచెప్పుకోలేం. 1186 నాటి తా ప్రోమ్ శాసనంలో పేర్లు కూడా లేవు, లెక్కే: 3,140 ఊళ్ళు, 79,365 మంది. అది బౌద్ధుడైన ఏడో జయవర్మ కట్టించిన ఆలయం. దేవుడి పేరు మారినా మోసే భుజాలు మారలేదు.

మనం "దాసోహం" అంటాం. ఇష్టంగా అంటాం. ఆ ఖ్ఞుం దాస్యం ఎవరూ అడిగి ఇచ్చింది కాదు. భక్తి పేరుతో జరిగింది కాబట్టి రెండూ ఒకటే అనేస్తే, మన దాసోహానికి కూడా విలువ పోతుంది.

"ఆ కాలాన్ని ఈ కాలం కొలతతో కొలవకూడదు" అంటారు. సగం ఒప్పుకుంటాను. కానీ అప్పటి కొలత కూడా మన దగ్గరే ఉంది కదా. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, మెచ్చుకున్నవాడు, నలుగురికీ పుణ్యంలోనూ పాపంలోనూ సమాన వాటా అని పెద్దలు చెబుతారు. ఆ లెక్కన యశోధరతటాకం పుణ్యం యశోవర్మ ఒక్కడిదే కాదు, తట్ట మోసిన పేరు లేని మనిషిది కూడా. మరి ఆ నాలుగోవాడు ఎవరు? "ప్రపంచంలో అతి పెద్ద హిందూ ఆలయం మనదే" అని స్టేటస్ పెట్టుకునే మనమే. మెచ్చుకోవడం ఉచితం కాదండీ. పుణ్యంలో వాటా తీసుకుంటే, ఆ జాబితాలోనూ వాటా వస్తుంది. అందుకని మెచ్చుకోవడం మానేయమని కాదు. సంస్కృతం సగం మాత్రమే చదివి మెచ్చుకోవద్దు అంటున్నాను.

మన దగ్గరా ఇలాంటి శాసనమే ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువుది, 1369 నాటిది. కట్టించింది బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. రోజుకి వెయ్యిమంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళు పని అని అందులో రాశారు. అక్కడా వెయ్యిమంది లెక్కే.

14, 15 శతాబ్దాల్లో ఏళ్ళ తరబడి కరువులు, మధ్యమధ్యలో విపరీతమైన వానలు వచ్చి అంకోర్ పెద్ద కాలవలు తెగిపోయాయి, పూడిపోయాయి. రాజులు దక్షిణానికి వెళ్ళిపోయారు. జనం అందరూ వెళ్ళలేదు. యశోధరతటాకం ఇప్పుడు ఎండిపోయి పొలాలుగా మారింది. పశ్చిమ బరాయ్‌లో ఇంకా నీళ్ళున్నాయి, వాటితో వరి పండుతోంది. ఊరి గుడి పక్క కుంటల్లాంటివి ఆ చుట్టుపక్కల ఇప్పటికీ వాడుతున్నారు. వాటిని ఎవరు తవ్వారో చెప్పే శాసనాలు లేవు. ఇక 'ఖ్ఞుం' అన్న మాట ఈ రోజు కంబోడియాలో రోజూ వినిపిస్తుంది. అక్కడి భాషలో 'నేను' అనడానికి అదే మాట.