విషమున్న పువ్వుకు పూజలో చోటు

పచ్చ గన్నేరు పువ్వు తెంపితే తొడిమ నుంచి తెల్లటి పాలు కారి వేళ్లకు జిగటగా అంటుకుంటాయి. ఆకు, బెరడు, గింజ అన్నీ విషమే. గుండె లయను తప్పించే విషం. ఎర్ర గన్నేరూ అంతే. అయినా మానుకోట, జనగామ పల్లెల వాకిళ్లలో ఆ చెట్టు పెరుగుతుంది, ఆ పువ్వు శివుడి నెత్తికెక్కుతుంది. పక్కనే ఉమ్మెత్త. ప్రాణం తీయగలదాన్ని ఇంటికి అందంగా, దేవుడికి ఇష్టంగా మన పెద్దలు ఎలా ఒప్పుకున్నారు?

భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు, రెండోది ముక్తేశ్వరుడు. చావుకు గర్భగుడిలోనే పీట వేసినవాళ్లకు విషపు పువ్వు పరాయిదెలా అవుతుంది?

ప్రాణం తీయగలదాన్ని ఇంటి అందంగా ఎలా ఒప్పుకోవాలన్న ప్రశ్న సముద్రపు అక్వేరియం పెంచేవాళ్లకూ ఉంది. పగడాలకు దగ్గరి చుట్టాలైన జోయాంథిడ్లు నారింజ, ఆకుపచ్చ రంగుల్లో మెరుస్తాయి. వాటిలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. అవి పట్టిన రాయిని వేడినీళ్లతో కడగబోయి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఘటనలున్నాయి. హవాయిలోని హానా ప్రాంతపు జనానికి ఈ సంగతి ఏనాడో తెలుసు. సొరచేప నోరున్న మనిషిని కాల్చి, బూడిద మడుగులో కలిపితే ఈ విషం పుట్టిందని వాళ్ల కథ. ఆ మడుగును ముట్టరాదని కట్టు పెట్టుకున్నారు. శాస్త్రవేత్తలు ఆ విషాన్ని వేరుచేసింది 1971లో.

గన్నేరు పారిపోలేదు, రాయినంటిన జోయాంథిడ్ అసలే పారిపోలేదు. విషమే వాటికి కంచె. అందులో పాపమేమీ లేదు. ఇంటికి తెచ్చుకున్నవాడి మీదే భారమంతా. ఆ భారం ఎలా మోయాలో పోతన చెప్పాడు, ఆయన ఊరు బమ్మెర ఉన్నదీ జనగామ జిల్లాలోనే. ఆయన భాగవతంలో శివుడు హాలాహలాన్ని కడుపులోకి పోనివ్వడు. అక్కడ లోకాలున్నాయని గొంతులోనే నిలుపుతాడు. భక్తులు ఎక్కువగా తలచుకునేది ఆ ధైర్యాన్ని. విషాన్ని ఎక్కడ ఆపాలో తెలిసిన ఆ జాగ్రత్త అంతకంటే గొప్పది. పైగా శివుడు తెలిసి పుచ్చుకున్నాడు. వాకిట్లో ఆడుకునే పిల్లకు ఆ ఎరుక ఎక్కడిది?

2024 మేలో కేరళలో ఓ యువతి మరణానికి గన్నేరు కారణమన్న అనుమానం వచ్చాక, అక్కడి గుళ్లను చూసుకునే తిరువాన్కూర్, మలబార్ దేవస్వం బోర్డులు నైవేద్యంలో, ప్రసాదంలో ఆ పువ్వు వద్దన్నాయి. పూజకు మాత్రం అడ్డు చెప్పలేదు. చక్కటి తీర్పు. మన గుళ్లలోనూ గన్నేరు లింగం మీదే ఆగాలి, తీర్థంలో పడకూడదు. కొట్టేసిన కొమ్మల్ని పొయ్యిలో పెట్టకూడదు, ఆ పొగా విషమే. అంగన్‌వాడీ ప్రహరీ పక్కన కాయలు రాల్చే పచ్చ గన్నేరుంటే దాన్ని తీసేసి, గుడి తోటలో కొత్త మొక్క నాటుకోవచ్చు.