మూడో కుర్చీ

నోబెల్ బహుమతిని గరిష్ఠంగా ముగ్గురికి పంచొచ్చు. 2007లో భౌతికశాస్త్రంలో ఇద్దరికే ఇచ్చారు: ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్. మూడో కుర్చీ ఖాళీ. అందులో స్టూవర్ట్ పార్కిన్ కూర్చోవాల్సిందా అన్నది నా ప్రశ్న.

అయస్కాంత క్షేత్రంలో ఇనుము విద్యుత్ నిరోధం కొద్దిగా మారుతుందని విలియం థామ్సన్ 1850లలోనే గమనించాడు. 1988లో ఫ్రాన్సులో ఫెర్ట్ బృందం, జర్మనీలో గ్రూన్‌బెర్గ్ బృందం విడివిడిగా ఇనుము, క్రోమియంలను నానోమీటర్ల మందం పొరలుగా పేర్చి చూశాయి. పక్కపక్క ఇనుప పొరల అయస్కాంత దిశలు ఎదురెదురుగా ఉంటే ఎలక్ట్రాన్లు ఎక్కువగా చెదిరిపోతాయి, నిరోధం పెరుగుతుంది. బయటి క్షేత్రంతో ఆ దిశల్ని కలిపితే తగ్గుతుంది. ఫెర్ట్ నమూనాలో, 4.2 కెల్విన్ల చలిలో, నిరోధం దాదాపు సగానికి పడిపోయింది.

అంత చలిలో, అంత పెద్ద క్షేత్రంలో పనిచేసేది మన బల్లమీది కంప్యూటర్‌కి పనికిరాదు. ఐబీఎమ్‌లో పార్కిన్ ఈ పొరల్ని స్పటరింగ్ అనే చవకైన, వేగమైన పద్ధతిలో తయారుచేశాడు. రకరకాల లోహాల్ని, మందాల్ని మార్చి మార్చి పరీక్షించాడు. 1997లో ఈ సూత్రంతో పనిచేసే రీడ్ హెడ్ హార్డ్ డిస్కుల్లోకి వచ్చింది. వేలెడంత చోట గిగాబైట్లు పట్టడం మొదలైంది.

బహుమతి ఆవిష్కరణకే గానీ వినియోగానికి కాదు కదా, అంటారు. సరే. కానీ మధ్యపొర మందం పెరిగేకొద్దీ, పక్కపొరల దిశలు కలవడం, ఎదురవడం మారుమారుగా జరుగుతుందని 1990లో చూపించింది పార్కిన్ బృందమే. అది ఆవిష్కరణ కాదా? గీత మనం అనుకున్నంత నిటారుగా లేదు.

అయినా ఆ కుర్చీ ఖాళీగా ఉండటమే అన్యాయం అనను. మొదట చూసినవాళ్ళకి ఇచ్చే గౌరవం వేరుగా ఉండొచ్చు. 2014లో పార్కిన్‌కి ఫిన్లాండ్ వాళ్ళ మిలీనియం టెక్నాలజీ ప్రైజ్ వచ్చింది కూడా. నాకు తప్పనిపించేది మరొకటి. బహుమతుల జాబితానే చరిత్ర అనుకుని, "కనుక్కున్నది వాళ్ళు, ఇతను అమలుచేశాడంతే" అనేస్తాం. ఆ "అంతే"లో ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాలున్నాయి, పారేసిన నమూనాలున్నాయి. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఆ "అంతే" రోజూ వినిపిస్తుంది.

బహుమతికి ముగ్గురనే హద్దు ఉంది. మన కృతజ్ఞతకి ఆ హద్దెందుకు?