పాప రంగు గురించి అడిగితే

తల్లీ,

బళ్ళో ఎవరో "నువ్వు సరిగ్గా కడుక్కోవా?" అన్నారట, పాప మోచేతులు కందిపోయేలా సబ్బుతో రుద్దుకుందట. చెబుతుంటే నీ గొంతు వణికింది. నాకూ కడుపు తరుక్కుపోయింది. అయినా ఒక్క మాట విను. ఆ మాటన్న పిల్లకీ అయిదేళ్ళేగా. ఒంటి రంగు చొక్కాకంటిన మట్టిలాంటిదనీ, కడిగితే పోతుందనీ ఆ వయసులో నిజంగానే అనుకుంటారు. టీచరుతో తప్పకుండా మాట్లాడు. ఆ పిల్లను దోషిలా నిలబెట్టమని కాదు, మనుషుల రంగులెందుకు వేరువేరుగా ఉంటాయో తరగతికంతటికీ చెప్పమని అడుగు.

"రంగు గురించి మాట్లాడకూడదు" అని పాపతో అన్నావట. అది మాత్రం మార్చుకో. మూడు నెలల పసికందులే తాము రోజూ చూసేవాళ్ళలాంటి ముఖాలను ఎక్కువసేపు చూస్తారని పరిశోధకులు గమనించారు. కంటికి కనబడేదాన్ని గురించి అడిగితే అమ్మే నోరు మూయిస్తే, అందులో సిగ్గుపడాల్సిందేదో ఉందనుకుంటుంది. చర్మంలో మెలనిన్ ఉంటుందనీ, అది ఎక్కువుంటే రంగు ముదురుగా ఉంటుందనీ, ఎండనుంచి మనల్ని కాచేది అదేననీ చెప్పు. ఆ మాత్రం అర్థమవుతుంది దానికి.

నువ్వున్న అమెరికాలోనే 1940ల్లో కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ అనే దంపతులు మూడు నుంచి ఏడేళ్ళ వయసున్న నల్లజాతి పిల్లల ముందు బొమ్మలు పెట్టారు. రంగు తప్ప అన్నీ ఒక్కలాంటివే. 253 మంది పిల్లల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది ఆడుకోవడానికి తెల్లబొమ్మే కావాలన్నారు. బడుల్లో నల్ల, తెల్ల పిల్లలను వేరుచేయడం చెల్లదని 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు కెన్నెత్ క్లార్క్ రచననూ ప్రస్తావించింది. నన్ను కలవరపెట్టేది ఇంకొకటుంది. తెల్లపిల్లలతో కలిసి చదువుకునే మసాచుసెట్స్ నల్లపిల్లల్లో కూడా ఎక్కువమంది ఆ తెల్లబొమ్మనే కోరుకున్నారు. పక్కపక్కన కూర్చోబెడితే చాలదమ్మా. ఇంట్లో, వీధిలో, బొమ్మల పుస్తకాల్లో విన్నవీ చూసినవీ అన్నీ పిల్లలు పోగుచేసుకుంటారు.

మరి మనింట్లో విన్నదేమిటి? నువ్వు కడుపుతో ఉన్నప్పుడు కుంకుమపువ్వు పాలు తాగించింది బిడ్డ తెల్లగా పుట్టాలనే కదా. రంగు తేలుతుందని సున్నిపిండితో నలుగు పెట్టారు. "మేనమామ పోలిక, చాయ తక్కువ" అని పాప వింటుండగానే అన్నవాళ్ళున్నారు. అక్కడేమో మీరు కారులో వెళ్తూ "ఇది నల్లవాళ్ళ ఏరియా, డోర్లు లాక్ చెయ్యి" అనుకుంటారు. వెనకసీట్లో పాప ఉంటుంది. ఇవాళ తన చెయ్యి చూసుకుని బాధపడ్డ పిల్లే, రేపు నల్లపిల్ల పక్కన కూర్చోనంటే ఆశ్చర్యం లేదు. ఆ మాటలు ముందు ఇంట్లో మానండి. అల్లుడికీ చెప్పు.

రకరకాల ఒంటి రంగులున్న క్రేయాన్ల పెట్టె ఒకటి కొను. అద్దం ముందు కూర్చోబెట్టి తన బొమ్మ తనే గీసుకోనీ. లేతరంగు తీసుకుంటే దిద్దకు, ఎందుకు తీసుకున్నావని అడుగు. ఏం చెబుతుందో ఓపిగ్గా విను. పుట్టినరోజుకు ఆ మాటన్న పిల్లనూ పిలువు.

వేసవికి మీరొచ్చినప్పుడు ఇక్కడెవరో ఒకరు "అమెరికాలో ఉన్నా పిల్లకి రంగు రాలేదేమే" అనక మానరు. పెద్దవాళ్ళు కదా అని ఊరుకోకు. పాప ముందే జవాబు చెప్పు. నేనూ నీ పక్కనుండి చెబుతాను.

నీ పెద్దమ్మ