సన్నికల్లు మోసుకుపోలేం గదా!

"ఇంత చక్కని ఇళ్లు కట్టుకుని, ఎందుకు వదిలేసి పోయారంటారూ?"

అమెరికాలో కొలరాడో రాష్ట్రపు నైరుతి మూల, మేసా వెర్డే అనే చోట, కొండచరియల్లోని పాత ఇళ్లు చూడ్డానికొచ్చిన వాళ్లంతా ఈ ప్రశ్న వేస్తారట. మాతోపాటు వచ్చిన ఒక పెద్దమనిషీ వేశాడు. ఆయన గొంతులో జాలితోబాటు కాస్త నేరారోపణ కూడా వినిపించింది నాకు.

వెళ్లిపోయిన వాళ్లని లోకం ఎప్పుడూ ఇలాగే నిలదీస్తుంది. ఒక్క ఆడవాళ్లని మాత్రం అడగదు, గమనించారా? పెళ్లిలో మనచేత సన్నికల్లు తొక్కిస్తారు. ఈ రాయిలా స్థిరంగా వుండమని దానర్థం. స్థిరంగా వుండమని దీవించిన మర్నాడే అప్పగింతలు పెట్టి సాగనంపుతారు! "పుట్టిల్లు ఎందుకు వదిలేశావమ్మా?" అని ఏ పేరంటంలోనూ నన్నెవరూ అడిగిన పాపాన పోలేదు. అంచేత ఆయన మాట విన్న దగ్గర్నించీ, ఇల్లు వదిలి వెళ్లడం అసలు ఎప్పుడు తప్పవుతుంది అన్న ఆలోచన పట్టుకుంది నన్ను.

ఆ మాటకొస్తే ఇళ్లు నిజంగానే చక్కనివి. డెన్వర్‌లో వుండే నా స్నేహితురాలు, నేను కారులో బయల్దేరి, ఒక్క పూటలో అయ్యే దారిని కబుర్ల కోసం రెండు రోజులు చేసుకుని వెళ్లాం. స్పానిష్‌లో మేసా వెర్డే అంటే పచ్చని బల్ల. పైన నిలబడితే బల్లపరుపు నేల, చెట్లూ తప్ప మరేం కనిపించదు. అంచు దాకా వెళ్లి తొంగి చూస్తే గుండె ఝల్లుమంటుంది. కొండ నోరు తెరిచినట్టున్న పెద్ద తొర్రలో ఊరు ఊరంతా! క్లిఫ్ ప్యాలెస్ అనే ఆ ఒక్కచోటే నూట యాభై గదులూ, కివాలనే గుండ్రటి నేలమాళిగలు ఇరవై మూడూ వున్నాయి. ఇలాంటి చరియ ఇళ్లు ఆ పార్కులో సుమారు ఆరువందలు. మన కాకతీయుల కాలంలోనే, 1190 నించి 1280 లోపల కట్టుకున్నవి. ఇసకరాయి చెక్కి, మట్టి అడుసుతో పేర్చారు. ఆ అడుసు మీద కొన్నిచోట్ల కట్టినవాళ్ల వేలిముద్రలు ఇంకా వున్నాయి.

అక్కడ చూసేవాటిలో బురుజుల కంటే వంటింటి గుర్తులే నన్ను ఎక్కువ ఆపాయి. కప్పుకి పట్టిన మసి. మొక్కజొన్న నూరిన రాళ్లు. కింద వెడల్పాటి రాయి, పైన చేతిరాయి, అచ్చం మన సన్నికల్లూ పొత్రమూ! గంటల తరబడి వాటిముందు మోకాళ్ల మీద కూర్చుని పిండి చేసుకున్నారు. రాయి అరిగి ఇసక పిండిలో కలిసి, ఆ రొట్టెలు తినీ తినీ పళ్లరిగిపోయేవట. చేలేమో కొండపైన, కాపురమేమో చరియలో. పైకెళ్లాలంటే నిటారు రాతిలో చేతులకీ కాళ్లకీ తొలిచిన గుంటలే మెట్లు. ఐదడుగుల మనిషి, వీపున బరువుతో, బహుశా చంకన పిల్లతో... తల్చుకుంటే నాకు ఒళ్లు జలదరించింది. మూడో అంతస్తుకి లిఫ్టు లేదని విసుక్కునేవాళ్లం మనం!

1300 నాటికి అక్కడ ఒక్క పొయ్యీ వెలగలేదు. 1276 నించి ఇరవై మూడేళ్లు వరసగా కరువని చెట్ల మానుల్లోని వలయాలు చెబుతున్నాయి. సారం పోయిన నేల, అయిపోయిన వంటచెరుకు, తగాదాలు కూడా కారణాలేనంటారు. దక్షిణానికి నడిచి, రియో గ్రాండే లోయకీ, హోపీ, జూనీ ఊళ్లకీ చేరారు. వాళ్ల వారసులైన ప్యూబ్లో ప్రజల ఊళ్లు ఇవాళ న్యూమెక్సికోలో పంతొమ్మిది వున్నాయి. ఆరిజోనాలో హోపీలున్నారు. ఆ మొక్కజొన్న, ఆ కివా, ఆ కుండల మీద గీతలు, అన్నీ వాళ్ల దగ్గర బతికే వున్నాయి. అయినా ఎన్నో ఏళ్లపాటు "మాయమైపోయిన జాతి" అని కథలల్లారు జనం! 1888 డిసెంబరులో తప్పిపోయిన పశువుల్ని వెతుక్కుంటూ వచ్చిన ఇద్దరు ఈ ఊరిని "కనుక్కున్నారు." పక్కనే వుండే యూట్ ప్రజలకి అదెప్పుడూ తెలుసు.

"మా ఇంట్లోకి ఎవరో వచ్చి, నేనే కనుక్కున్నానంటే ఎలా వుంటుందే!" అంది నా స్నేహితురాలు.

అన్నంత పనీ అయింది. 1891లో స్వీడన్ నించి వచ్చిన నార్డెన్‌షోల్డ్ అనే కుర్రవాడు సమాధుల్లోని మనుషుల్ని కూడా పెట్టెలకెత్తించి పట్టుకుపోయాడు. ఆపడానికి అప్పటికి చట్టం లేదు. ఫిన్లండ్ మ్యూజియంలో నూరేళ్లకి పైగా వున్న ఆ ఇరవైమంది అస్థికలు 2020లో తిరిగొచ్చి, సొంత మట్టిలో కలిశాయి. ఈ చోటు 1906లో జాతీయ పార్కు కావడానికి మటుకు వర్జీనియా మెక్‌క్లర్గ్, లూసీ పీబాడీ అనే ఇద్దరు స్త్రీలు ఏళ్ల తరబడి పాటుపడ్డారు. ఆడవాళ్ల సంఘం చేతిలో వుండాలని ఒకావిడ, కేంద్ర ప్రభుత్వానికివ్వాలని ఇంకొకావిడ, చివరికి ఇద్దరూ విడిపోయారు. మహిళా మండలి మీటింగులు చూసిన మనకి ఇదేమంత వింత కాదు.

నా స్నేహితురాలి పుట్టిల్లు పశ్చిమ గోదావరిలో ఒక పెంకుటిల్లు. వాళ్లమ్మగారు పోయిన నాలుగేళ్లనించీ తాళం వేసి వుంది. అమ్మేద్దాం, సంతకం పెట్టమని తమ్ముడు కాయితాలు పంపాడు. "ఇల్లు పాడుపెట్టారు" అని బంధువుల ఎత్తిపొడుపులు. దారి పొడుగునా ఇదే గొడవ మాకు.

గోడల కోసం ఇంత బాధెందుకే అన్నాను. ప్యూబ్లో పెద్దల్లో చాలామంది ఆ ఇళ్లు బాగుచెయ్యాలని కూడా అనుకోరట. పూర్వీకుల ఆత్మలు అక్కడే వున్నాయి, గోడలు మాత్రం వాటి టైము వచ్చినప్పుడు మట్టిలో కలవాలి అంటారు. పార్కువాళ్లు అడుసు పూసి నిలబెడుతున్నది మనలాంటి చూడవచ్చేవాళ్ల కోసం. నాకా పెద్దల మాటే సబబుగా తోచింది.

"గోడల సంగతి కాదే," అంది నిదానంగా. "వీళ్లు అందరూ కలిసి వెళ్లారు. నేను ఒక్కదాన్నీ వచ్చేశాను. అమ్మ తొమ్మిదేళ్లు ఆ ఇంట్లో ఒంటరిగా వుంది."

దానికి నా దగ్గర జవాబు లేదు. నిజమే, ఒక తరం తిరిగేసరికి అక్కడ ఒక్క కాపురం కూడా మిగల్లేదంటే ముసలీ ముతకా, పిల్లా జెల్లా కలిసి కదిలారనే కదా. మన వలసలు అలా వుండవు. రెక్కలొచ్చిన వాళ్లం ఒక్కొక్కళ్లమే ఎగిరిపోతాం. ఆదివారం ఆదివారం ఫోనులో "మందులేసుకున్నావా అమ్మా?" అని అడుగుతాం. అదేమీ అనకూడని నేరమని నేననను. పిల్లల్ని పంపించింది ఆ తల్లులే. నగలు తాకట్టు పెట్టి మరీ పంపించారు. కానీ ఇల్లు అమ్మకుండా తాళం వేసి అట్టే పెట్టుకోవడం వల్ల ఆ తొమ్మిదేళ్లూ తీరతాయా? ఇంటికి చెయ్యాల్సిందీ మనిషికి చెయ్యాల్సిందీ ఒకటి కాదు. ఆ మాట దానితో అనడానికి డురాంగో ఊరొచ్చేదాకా ధైర్యం చాల్లేదు నాకు.

విని, చాలాసేపు కారు నడిపింది.

"సంతకం పెట్టేస్తాను," అంది. "సన్నికల్లు మాత్రం పక్కింటి వాళ్లకిమ్మంటాను. మోసుకుపోలేం గదా!"

"ఈ రోజుల్లో సన్నికల్లు మీద ఎవరు నూరతారే, మిక్సీలుండగా?"

"వాళ్లకి ఇద్దరాడపిల్లలు. పెళ్లిళ్లకి కావద్దూ?" అంది.