కోరి తెచ్చుకున్న నొప్పి

మా ఆడపడుచు పరుగెడుతుంది. ఎందుకని మాత్రం అడక్కండి. మొదట్లో నేనూ అడిగాను. "ఊరికే వదినా" అంది. మా చిన్నతనంలో ఊరికే పరుగెత్తేవాళ్ళకి వేరే పేరుండేది. అది ఇప్పుడు పైకి అనకూడదు.

ఆవిడకి నలభై రెండేళ్ళు. బ్యాంకు ఉద్యోగం, ఇంటర్ చదివే కూతురు, ఏ గొడవలోనూ తల దూర్చని భర్త. మా మేడమీద వాటాలోనే ఉంటారు. తెల్లవారుజామున నాలుగింటికి మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపిస్తే పాలవాడు రావడానికి ఇంకా గంటన్నర ఉందని లెక్క. ఆదివారాలైతే కె.బి.ఆర్. పార్కు దగ్గర మొదలుపెట్టి ఎక్కడెక్కడో తిరిగి, నేను రెండో కాఫీ తాగుతూ ఉండగా ఉప్పు చారలు కట్టిన మొహంతో గేటు తీసుకుని వస్తుంది. "ఎంతైంది?" అంటే "ముప్ఫై నాలుగు" అంటుంది. నేను ముప్ఫై నాలుగు రూపాయలకి కూడా ఎప్పుడూ అంత సంతోషపడలేదు, ముప్ఫై నాలుగు కిలోమీటర్లకి ఎందుకు పడాలో నాకు తెలీదు.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల చిల్లర. అది చాలని వాళ్ళకి అంతకు మించినవి ఉన్నాయి. అల్ట్రా అంటారు. వాటిలో బాగా పాతది దక్షిణాఫ్రికాలో జరిగే కామ్రేడ్స్. డర్బన్ నుంచి పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కి ఒక ఏడు ఎగువకి, మామూలుగా మరుసటి ఏడు అటునుంచి ఇటు దిగువకి. దారి మొత్తం తొంభై కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. మన దేశం నుంచి కూడా దీనికి వెళ్ళేవాళ్ళు చాలామందే ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన విక్ క్లాపమ్ అనే రైలింజను డ్రైవరు, చనిపోయిన తోటి సైనికుల జ్ఞాపకార్థం దీన్ని 1921లో మొదలుపెట్టాడు. శిలావిగ్రహాలు ఆయనకి చాల్లేదు. వాళ్ళు పడ్డ శ్రమని బతికున్నవాళ్ళు కాళ్ళతో గుర్తుచేసుకోవాలని ఆయన కోరిక. మొదటి ఏడు 34 మంది బయల్దేరి 16 మంది చేరారు. 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే అమ్మాయి పేరిస్తానంటే ఆడదానివని కుదరదన్నారు. అయినా పరుగెత్తి చివరిదాకా చేరింది. ఆడవాళ్ళనీ, నల్లవాళ్ళనీ అధికారికంగా రానిచ్చింది 1975లో.

దానికి గడువు పన్నెండు గంటలు. పన్నెండో గంట పూర్తవగానే గమ్యం దగ్గర ఒకాయన పరుగెత్తి వచ్చేవాళ్ళకి వీపు తిప్పి నిలబడి తుపాకి పేలుస్తాడు. ఆ క్షణంలో గీతకి ఒక్క అడుగు ఇవతల ఉన్నా మీరు చేరనట్టే. వీపెందుకు తిప్పుతాడో మా ఆడపడుచు చెప్పకుండానే నాకు అర్థమైంది. మొహాలు చూస్తే వేలు నొక్కలేడు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆవిడ కుడి మడమ వెనకాల, పిక్కనీ మడమనీ కలిపే నరం లాంటి కండరం తాడు ఒకటుంది. దానికి అఖిలీస్ పేరు పెట్టారు. గ్రీకుల కథలో తల్లి ఆ పిల్లవాణ్ణి మడమ పట్టుకుని మహిమగల నదిలో ముంచిందట, ఒంటికి దెబ్బ తగలకుండా. తను పట్టుకున్న చోటు మాత్రం తడవలేదు. చివరికి బాణం అక్కడే తగిలింది. మన గాంధారి కథా ఇంచుమించు ఇదే కదా, దుర్యోధనుడికి తొడ మిగిలిపోయింది. కృష్ణుడంతటివాడికి కూడా వేటగాడి బాణం పాదంలోనే తగిలింది. మనిషి ఎక్కడ విరుగుతాడో రాసేవాళ్ళకి అన్ని దేశాల్లోనూ ముందే తెలుసు.

ఈ తాడు సంగతి కాస్త గడుసుది. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేయగానే ప్రాణం పోతుంది. నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంది. పరుగు మొదలుపెట్టి ఒళ్ళు వేడెక్కితే అసలు నొప్పే లేదన్నట్టు నటిస్తుంది. మర్నాడు పొద్దున వడ్డీతో సహా వసూలు చేస్తుంది. దానికి రక్తప్రసారం తక్కువ కాబట్టి మానడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. మానిందనుకుని పరుగు పెంచితే మళ్ళీ మొదటికి వస్తుంది. అయిదేళ్ళలో నాలుగుసార్లు వచ్చింది మా ఇంటికి ఆ చుట్టం.

మా అత్తయ్య మొదట ఉప్పు మూట కాపడం పెట్టింది. ఫిజియోథెరపీ అమ్మాయి మెట్టు వైద్యం చెప్పింది. మెట్టు అంచు మీద మునివేళ్ళతో నిలబడి మడమని నెమ్మదిగా కిందికి దించాలి. పదిహేను చొప్పున మూడుసార్లు మోకాలు నిటారుగా పెట్టి, మూడుసార్లు వంచి. పొద్దునా సాయంత్రమూ కలిపి నూట ఎనభై. పన్నెండు వారాలు. స్వీడన్‌లో ఆల్ఫ్రెడ్‌సన్ అనే డాక్టరు 1998లో దీన్ని లోకానికి చెప్పాడు. ఆయనకే ఈ మడమ నొప్పి ఉండేదట. ఆపరేషన్ చెయ్యమంటే పైఅధికారి ఒప్పుకోలేదట. అయితే తాడు తెగేదాకా కాలిని హింసిస్తాను, అప్పుడు తప్పక చేస్తారు కదా అని ఈ కసరత్తు మొదలుపెడితే, తెగడం మాట అటుంచి నయమైపోయిందని చెబుతారు. అందులో విశేషం ఏమిటంటే, చేసేటప్పుడు నొప్పి పుట్టినా ఆపొద్దంటారు. అంటే ఒకే కాలికి ఒకే చోట పుట్టే రెండు నొప్పుల్లో ఒకటి బాగుచేసేది, ఒకటి పాడుచేసేది. ఏది ఏదో తెలుసుకోవడం ఎలాగ? "తెలుస్తుంది వదినా" అంటుంది ఆవిడ. నాకు నమ్మకం లేదు. ఇష్టమైన పని జోలికి వచ్చేసరికి మనసంత అబద్ధాలకోరు ఇంకోటి లేదు.

ఒకరోజు వంటింట్లో ఈ మాటే వచ్చింది. అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని పీట మీంచి లేస్తూ, "మీరు కష్టపడి నొప్పి తెచ్చుకుంటున్నారు. నాకు అడక్కుండానే వచ్చింది. యాభై ఏళ్ళు ఈ గచ్చు మీద నిలబడ్డాను, ఏ దేశంవాళ్ళూ నాకు బిళ్ళ ఇవ్వలేదు" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ తర్వాత వంటింట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మా ఆడపడుచు తక్కువది కాదు. "మరి నువ్వు అలిపిరి నుంచి మూడువేల అయిదు వందల మెట్లూ ఎక్కలేదా? మోకాళ్ళ పర్వతం దగ్గర నీ మోకాళ్ళు పనిచెయ్యడం లేదని తెలిసీ ఎక్కావు. ఎవరైనా వద్దన్నారా?" అంది.

"అది మొక్కు."

"ఇదీ అంతే."

"ఎవరికి?"

దానికి జవాబు రాలేదు. నేను చాలా రోజులు ఆ ప్రశ్న పట్టుకుని కూర్చున్నాను. దేవుడి కోసం పడే నొప్పికి మనం దండం పెడతాం. పిల్లల కోసం పడే నొప్పికి పేజీలకి పేజీలు రాస్తాం. తన కోసం తాను పడితే, అందులోనూ ఆడది పడితే, కొవ్వెక్కింది అంటాం. ఇదేం న్యాయం? మీరే చెప్పండి. ఉపవాసం ఉన్న కోడలిని మెచ్చుకునే నోటితోనే పరుగెత్తే కోడలిని ఆడిపోసుకుంటాం. రెండిట్లోనూ కడుపు మాడ్చుకునేది ఆవిడే.

2024 జూన్‌లో ఆవిడ వెళ్ళింది. ఆ ఏడు ఎగువ పరుగు, దాదాపు 86 కిలోమీటర్లు. సముద్రం ఒడ్డున చీకట్లో బయల్దేరారు. ఆ దారిలో అయిదు పెద్ద కొండలున్నాయి, కౌవీస్, ఫీల్డ్స్, బోథాస్, ఇంచాంగా, చివర్న పాలీ షార్ట్స్. ఫీల్డ్స్ కొండ ఎక్కుతుండగానే మడమ పలకరించింది. ఎగువకి ఎక్కడమే ఆ తాడుకి పడని పని. సగం దారిలో డ్రమ్మండ్ అనే ఊరుంది. అక్కడా ఒక గడువుంది. ఆవిడ చేరేసరికి అది దాటి నాలుగు నిమిషాలయింది. దారి పొడుగునా వెనకబడినవాళ్ళని ఎక్కించుకునే బస్సులుంటాయి. ఎక్కింది. బస్సులో ఎవరూ ఎవరి మొహం చూడలేదట.

ఆ రోజు గురించి ఆవిడ ఎక్కువగా చెప్పేది వేరే. బోథాస్ కొండ దగ్గర రోడ్డు పక్కన ఒక పెద్దావిడ ఉడకబెట్టిన బంగాళాదుంపలకి ఉప్పద్ది అందరికీ పంచుతోందట. వాళ్ళ పూర్వీకులు తెలుగువాళ్ళు. 1860లో మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ డర్బన్ వెళ్ళిన దగ్గర్నుంచీ మన తీరప్రాంతాల జనాన్ని అయిదేళ్ళ ఒప్పందం మీద అక్కడి చెరకు తోటలకి తీసుకుపోయారు కదా, ఆ సంతతి. తెలుగు రాదు, "అమ్మ", "నీళ్ళు" లాంటి మాటలు నాలుగు మిగిలాయట. మా ఆవిడ కుంటడం చూసి, "మా ముత్తవ్వ ఈ కొండల్లో కుంటుకుంటూనే చెరకు కొట్టిందట, ఆపే వీలు లేక. నీకు ఆపే వీలుంది కదమ్మా" అని ఇంగ్లీషులో అందట. మానెయ్యమని చెప్పిందో, అదృష్టవంతురాలివని చెప్పిందో ఇప్పటికీ తేల్చుకోలేదు మా ఆడపడుచు. నాకు మాత్రం అత్తయ్య మోకాళ్ళు గుర్తొచ్చాయి.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచిదాన్నయిపోతాను. కానీ నా వంతు తప్పు కూడా చెప్పుకోవాలి.

మళ్ళీ వెళ్తానని ఆవిడ ఈమధ్య సాధన మొదలుపెట్టింది. ఒకరోజు నాలుగింటికి నీళ్ళ కోసం లేచి చూద్దును కదా, మెట్లు పక్కవాటుగా దిగుతోంది, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ. నన్ను చూసి నిలబడిపోయింది. "అన్నయ్యకి చెప్పకు వదినా. మా ఆయనకి అసలు చెప్పకు. రెండు వారాల్లో తగ్గిపోతుంది" అంది. సరేనన్నాను. అనడమే కాదు, ఐసు ముక్కలు మా ఫ్రిజ్‌లోంచి ఇచ్చాను. ఎవరైనా అడిగితే బాగానే ఉందన్నాను. నిజం చెప్పొద్దూ, అందులో నాకు కాస్త గర్వం కూడా ఉంది. ఇంత పెద్ద ఇంట్లో రహస్యం చెప్పుకోవడానికి నేనే దొరికానని. పైగా నా నవలల్లో నాయికలంతా నొప్పిని దాచుకునేవాళ్ళే. వాళ్ళు దాచుకున్నారు, పాఠకులు కంట తడి పెట్టారు, నేను పారితోషికం పుచ్చుకున్నాను. దాచుకోవడం గొప్పని ఇరవై ఏళ్ళుగా రాసినదాన్ని, ఎలా కాదంటాను?

మూడు వారాలకి వాళ్ళమ్మాయి మా వంటింట్లోకి వచ్చి నిలబడింది. ఇంకో పది రోజుల్లో ఇంటర్ పరీక్షలు. "అత్తా, అమ్మ కాలు మళ్ళీ పోయింది కదూ?" అంది.

"ఎవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. రోజూ నాలుగింటికి నాకు మెలకువ వస్తుంది. మెట్ల మీద చప్పుడు వింటా. రెండు కాళ్ళూ ఒకేలా పడితే మళ్ళీ పడుకుంటా. ఈ మూడు వారాలూ పడుకోలేదు."

మేమిద్దరం ఆ నొప్పిని ఎవరి దగ్గర దాచామో, దాన్ని ఆ పిల్ల ఒక్కత్తే చీకట్లో కూర్చుని మోసింది. అప్పటిదాకా నేను అనుకుంటున్నది ఏమిటంటే, శరీరం ఆవిడది, నొప్పి ఆవిడది, మధ్యలో మనమెవరం అని. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటున్నాను. పరుగెత్తవద్దని చెప్పే హక్కు అన్నయ్యగారికి గానీ, నాకు గానీ, అత్తయ్యకి గానీ లేదు. కానీ నొప్పి ఎవరిదైనా, ఆ కుంటినడక చప్పుడు ఇల్లంతా వినిపిస్తుంది. కోరుకున్నది ఆవిడ, కోరుకోకుండా పంచుకున్నది పదిహేడేళ్ళ పిల్ల. అడక్కుండా వచ్చిన నొప్పి అని అత్తయ్య అన్నదీ ఇలాంటిదే కదా.

ఆ సాయంత్రం మేడమీదకి వెళ్ళి, మాట తప్పుతున్నానని ముందే చెప్పి, అందరి ముందూ చెప్పేశాను. ఆవిడ నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు వచ్చి కాఫీ అడిగింది. "నీ మీద కోపం పోలేదు" అంది. "పోనక్కర్లేదు, చక్కెర ఎంత?" అన్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి ఈసారి కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళిందట. ఆరు వారాలు పరుగు బంద్. సైకిలూ ఈతా పరవాలేదు. పోటీకి వెళ్తుందో లేదో ఇంకా తేల్చలేదు. విమానం టిక్కెట్టు మాత్రం రద్దు చెయ్యలేదు. అడిగితే "వాపసు రాదు వదినా" అంటుంది. ఎంత నిజమో నేను కనుక్కోలేదు.

ఇప్పుడు మెట్టు వైద్యం మళ్ళీ మొదలైంది. మా హాల్లోంచి కనిపించే మూడో మెట్టు మీదే చేస్తుంది. సాయంత్రంపూట అత్తయ్య కుర్చీ అక్కడికి లాక్కుని, కాళ్ళు పీట మీద చాపుకుని కూర్చుంటుంది. నిన్న ఫోను మోగితే ఆవిడ మధ్యలో ఆపి మాట్లాడి వచ్చి, "ఎంతవరకు వచ్చాను?" అని తనలో తాను అనుకుంది.

"యాభై రెండు" అంది అత్తయ్య. "యాభై మూడోది సగమే దించావు. అది లెక్కలోకి రాదు."