తలకెత్తుకున్న అన్నం

బోనం అంటే భోజనం. అమ్మవారికి వండిపెట్టే అన్నం. ఆషాఢం వస్తే చాలు, గోల్కొండ కోటలో మొదలై హైదరాబాద్ అంతటా ఆ అన్నం కుండ తలకెక్కుతుంది.

1998లో మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ తెరుచుకుంది. అంతకుముందు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చాలావరకు పల్లెలే. ఆ తర్వాత అద్దాల మేడలు లేచాయి. గ్రామదేవత పోచమ్మకు పెట్టే బోనం మాత్రం ఆగలేదు.

ఆ కుండను దగ్గరగా చూడాలి. కడిగి, ఆరబెట్టి, సున్నం, పసుపు పూస్తారు. కుంకుమ బొట్లు దిద్దుతారు. లోపల బెల్లం, పాలు కలిపిన అన్నం. మెడ చుట్టూ వేపమండలు. పైన మూకుడులో దీపం. గాలికి దీపం రెపరెపలాడుతుంది. మోసే తల్లి నడక తడబడదు. ఎంత గొప్ప విద్య అది!

మూలం అన్నమే. అన్నం కోసమే కుండకు రంగులు వచ్చాయి. అన్నం వెంటే డప్పు మోగింది. అన్నం ముందే అమ్మవారి తమ్ముడిగా భావించే పోతరాజు చిందేశాడు. పాటా పుట్టింది. 2014లో తెలంగాణ బోనాలను రాష్ట్ర పండుగ చేసింది.

వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి, బోనాల ఆదివారం తలస్నానం చేసి పొయ్యి వెలిగిస్తుంది. బోనం అంటే భోజనమే. అమ్మవారికి పెట్టాక, ఇంటిల్లిపాదీ చుట్టాలతో కలిసి తింటారు.