గనిప్రాంతపు బడిలో ఆంగ్లవిద్య

విద్య బిడ్డను ఇంటికి దగ్గఱ చేయవలెనా, దూరము చేయవలెనా యను ప్రశ్న క్రొత్తది కాదు. కాని రామగుండము, గోదావరిఖని ప్రాంతముల కార్మిక గృహములలో నది నేడు ప్రతిదినము ఎదురగుచున్నది. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వము తన పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివఱకు ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టెను. అంతవఱకు తెలుగున లెక్కలు నేర్చిన బిడ్డలు మాధ్యమిక తరగతులలో ఆంగ్లమును ఒక పాఠముగానే గాక, సకల పాఠములకును వాకిలిగా గ్రహింపవలసినవారైరి.

దీనిని విమర్శించుటకు ముందు తల్లిదండ్రుల కోరికను గౌరవింపవలెను. 1990 ప్రాంతమున సింగరేణి సంస్థలో లక్షకు మించియున్న కార్మికుల సంఖ్య నేడు అందు సగమైనను లేదు. తండ్రి దిగిన బొగ్గుబాయిలో కొడుకునకు పని దొరకునన్న నమ్మకము సన్నగిల్లినది. అట్టియెడ ఆ తండ్రి తన బిడ్డకు ఆంగ్లము రావలెనని కోరుట ముందుచూపే యగును. తమ పిల్లలను ఆంగ్ల పాఠశాలలకు పంపుచు, పేదవాని పిల్లలకు మాతృభాషా మాహాత్మ్యమును బోధించువారి మాటలో ధర్మము కానరాదు. కావున ఆంగ్లము వలదని మేము చెప్పము. ఎట్టి ఆంగ్లము, ఏ రీతిని, అని మాత్రమే విచారింతము.

ఆంగ్లము ఈ నేలకు క్రొత్త చుట్టము కాదు. బడికి రాకమునుపే అది బాయిలోనికి దిగినది. షిఫ్టు, మస్టరు, టబ్బు అనునవి అక్షరము రానివాని నోటను తెలుగుమాటలైనవి. ఎనిమిదవ ఇంక్లైను పేర వెలసిన వాడను జనులు యైటింక్లయిన్ కాలనీ యని తమ నాలుకకు తగినట్లు మలచుకొనిరి. ఆ కార్మికుడు ఆ మాటలకు యజమాని. ఏలయన, మాట వెనుకనున్న వస్తువును అతడు చేతితో తాకినాడు. బడిలో పెక్కుచోట్ల దీనికి విపరీతముగా జరుగుచున్నది. బిడ్డ ఆంగ్లకథకు ప్రశ్నోత్తరములను కంఠస్థము చేయును. కథలోని మనిషి యేల దుఃఖించెనో యెఱుగడు. మార్కులు వచ్చును, సాహిత్యము రాదు.

అయినను ఆ సాహిత్యము ఈ బిడ్డలకు దూరమైనది కాదు. సముద్రముపై బోయిన తండ్రికై ఎదురుచూచు పిల్లవాని కథ ఆంగ్లమున వచ్చినచో, రాత్రి షిఫ్టునకు బోయిన తండ్రికై మేల్కొనియుండు బిడ్డకంటె దానిని బాగుగ గ్రహింపగలవా రెవ్వరు? ఆ పోలికను తెలుగున పలుకనిచ్చు ఉపాధ్యాయుడు కావలెను. తరగతిలో తెలుగు పలుకుటయే నేరమైనచోట ఆ తలంపు పుట్టినచోటనే అణగిపోవును.

ప్రాణము మీదికి వచ్చు విషయమున శాసనము సైతము ఈ సత్యమును గుర్తించినది. 1952 నాటి గనుల చట్టపు సారసంగ్రహమును గనియొద్ద ఆంగ్లమునను, నిర్ణీతమైన ఇతర భాషలందును ప్రకటింపవలెనని ఆ చట్టమే విధించెను. తెలియని భాషలోని హెచ్చరిక హెచ్చరిక కాదు గదా! తెలియని భాషలోని పాఠము మాత్రము పాఠమెట్లగును?

మన చరిత్రయు నిదియే చెప్పుచున్నది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో ఉన్నతవిద్యను గఱపి, పెద్దచదువులకు దేశభాష చాలునని నిరూపించెను. అది ఘనకార్యమే. కాని తెలుగుబిడ్డకు ఉర్దూయు ఇంటిభాష కాదు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదలైన ఆంధ్రమహాసభలు మాతృభాషలో విద్యకై మొఱపెట్టవలసివచ్చెను. పాలకుల భాష మాఱినది గాని, నీ భాషను వాకిట విడిచి లోనికి రమ్మను ఆజ్ఞ మాఱలేదు.

ఆంగ్లము రాకపోవుటకంటె పెద్ద నష్టము మఱియొకటి కలదు. తండ్రి మాట తక్కువది, తల్లి పలుకు మోటుది యను భావము పండ్రెండేండ్ల బిడ్డ మనసున నాటుకొన్నచో, ఆ తరువాత ఎంత విద్య వచ్చినను ఆ లోటు తీఱదు. తనవారిని చిన్నచూపు చూచుటకు నేర్పిన చదువు జీతము తెచ్చినను సంస్కారము తేదు.

2022లో ప్రభుత్వము ఒక పుట ఆంగ్లమునను, ఎదుటి పుట తెలుగునను అచ్చువేసిన ద్విభాషా పుస్తకములను పిల్లల కిచ్చెను. పరీక్షకు పనికిరాదని తెలుగుపుటను మడిచి వేయక, రెండు పుటలనడుమ రాకపోకలు సాగునట్లు చూచుట ఉపాధ్యాయుల విధి. ఇండ్లలో మనము చేయదగినదియు కలదు. సాయంకాలము బిడ్డను పిలిచి, నేటి ఆంగ్లపాఠమును అమ్మకు తెలుగున చెప్పుమని యడుగుదము. చెప్పగలిగినచో వానికి పాఠము వచ్చినట్లే. తడబడినచో కోపింపక, మఱల ఇద్దఱును కూడి చదువవలెను. ఆంగ్లము చదువని తల్లియైనను ఈ పరీక్షను చేయగలదు. బిడ్డ చెప్పిన కథలో పొసగని చోటును ఆమె వెంటనే పసిగట్టును. అట్లు చెప్పి చెప్పి పెరిగిన బిడ్డ ఏ దేశమునకు బోయినను, తన యింటివారితో మాటలాడుట మఱవడు.